వేగానికి హద్దు, కారణానికి కావలి

కార్యకారణ సంబంధానికి భారతీయ తర్కశాస్త్రం ఇచ్చిన నిర్వచనం చాలా పొదుపైనది. కార్యం పుట్టడానికి ముందు ఏది తప్పనిసరిగా ఉండి తీరుతుందో అదే కారణం; తర్కపరిభాషలో దాని పేరు నియతపూర్వవర్తి. తెలుగు పండితుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహంతో ఆ శాస్త్రంలోకి అడుగుపెట్టే విద్యార్థికి ఈ మాటతో పాటు కుమ్మరివాని గాడిద కూడా పరిచయమవుతుంది. మట్టిని మోసుకొచ్చిన గాడిద కుండకు ముందే అక్కడ ఉన్నప్పటికీ, అదే మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేదే కనుక నైయాయికులు గాడిదను కారణాలలో చేర్చరు. అంటే ముందు ఉన్నంత మాత్రాన ఏదీ కారణం కాదు గాని, కారణం కావాలంటే ముందు ఉండి తీరాలి. ఈ నిర్వచనంలోని ‘నియత’ అనే మాట మీద ఎంతో చర్చ జరిగింది. ‘పూర్వ’ అనే మాటను మాత్రం తేటతెల్లమైనదిగానే స్వీకరించారు, ఎందుకంటే రెండు సంఘటనలలో ఏది ముందు, ఏది వెనక అన్నది చూసేవారి కదలికను బట్టి మారుతుందని అనుభవం ఎన్నడూ సూచించలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో భౌతికశాస్త్రం సరిగ్గా ఆ మాటనే పట్టుకుని, ఎవరి గడియారం ప్రకారం ముందు అని అడిగింది. ఆ ప్రశ్న కాలాన్ని గురించిన చింతనలో పుట్టలేదు. వేగాలను కూడే లెక్క ఒకచోట తప్పడంతో పుట్టింది.

వేగం ఎప్పుడూ దేనితోనో పోల్చి చెప్పవలసినదే అన్న సంగతి 1632 నాటికే గెలీలియో స్పష్టం చేశాడు. నిలకడగా సాగుతున్న ఓడ లోపలి గదిలో కూర్చున్నవారు, అక్కడ పడే నీటిచుక్కలను గాని ఎగిరే ఈగలను గాని చూసి, ఓడ కదులుతున్నదో నిలిచి ఉన్నదో చెప్పలేరని ఆయన వివరించాడు. ఈ విధంగా కొలతలకు ఆధారంగా తీసుకునే ఓడను గాని, రైలు పెట్టెను గాని, భూమిని గాని భౌతికశాస్త్రంలో నిర్దేశ చట్రం అంటారు. విజయవాడ నుంచి విశాఖపట్నం వైపు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న రైలులో ఒక మనిషి ఇంజను వైపుగా గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, పట్టాల పక్కన పొలంలో నిలబడినవారికి అతని వేగం 105 కిలోమీటర్లు. ఇంత సహజమైన కూడికకు రుజువు అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

కాంతి విషయంలో ఈ కూడిక పనిచేయలేదు. కాంతికి కూడా ప్రయాణకాలం ఉంటుందని 1676లో పారిస్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ ఖగోళజ్ఞుడు ఓలే రోమర్, గురుగ్రహపు చంద్రుడైన అయో గ్రహణాలు భూమి దూరమయ్యే కొద్దీ ఆలస్యంగా కనిపించడాన్ని గమనించి చూపాడు. తరువాతి కాలంలో ఆ వేగాన్ని భూమి మీదనే కొలవగలిగిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో, 1851లో మరింత సూక్ష్మమైన ప్రశ్న వేశాడు: ప్రవహించే నీటి గుండా వెళ్ళే కాంతిని ఆ నీరు తనతో పాటు ఎంత ముందుకు తీసుకుపోతుంది? కాంతి కిరణాన్ని రెండుగా చీల్చి, రెండు గొట్టాలలో ఒకదానిని ప్రవాహంతో పాటు, మరొకదానిని ప్రవాహానికి ఎదురుగా పంపి, తిరిగి కలిసినప్పుడు ఏర్పడే వెలుగునీడల చారలు ఎంత జరిగాయో ఆయన చూశాడు. నిలిచిన నీటిలో కాంతి వేగం సెకనుకు సుమారు 2,25,000 కిలోమీటర్లు, ఆయన గొట్టాలలో నీటి వేగం సెకనుకు 7 మీటర్ల దాకా. పాత కూడిక ప్రకారం కాంతి వేగానికి ఆ 7 మీటర్లూ పూర్తిగా కలవాలి, కాని కలిసింది మూడు మీటర్ల పైచిలుకు మాత్రమే. కూడికలో ఎక్కడో సగానికి పైగా లెక్కకు దొరకకుండా పోతున్నది. ఆనాటి వివరణ ఈథర్ అనే కంటికి కనిపించని మాధ్యమాన్ని నీరు పాక్షికంగా లాక్కుపోతున్నదని చెప్పింది. కాని 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ కలిసి ఆ ఈథర్ గుండా భూమి సాగే వేగాన్ని కొలవబోతే వారి పరికరం అటువంటి కదలికను దేనినీ చూపలేదు.

1905లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో పేటెంటు కార్యాలయ ఉద్యోగిగా ఉన్న ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఈ చిక్కును విప్పిన తీరులోని గొప్పతనం ఏమిటంటే, ఆయన కాంతిని గాని ఈథర్‌ను గాని సవరించడానికి పూనుకోలేదు, వేగం అనే భావననే విప్పి చూశాడు. వేగమంటే దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది. ఒక వస్తువు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్ళిన కాలాన్ని చెప్పాలంటే, బయలుదేరిన చోట ఒక గడియారం, చేరిన చోట మరో గడియారం ఉండి, ఆ రెండూ ఒకే సమయాన్ని చూపుతూ ఉండాలి. దూరంగా ఉన్న రెండు గడియారాలు ఒకే సమయాన్ని చూపుతున్నాయని తేల్చుకోవడం ఎలా? వాటి మధ్య ఏదో ఒక సంకేతం నడవాలి, ఆ సంకేతానికి కూడా ఒక వేగం ఉంటుంది. వేగాన్ని కొలవడానికి ‘ఒకేసారి’ అనే భావన కావాలి, ‘ఒకేసారి’ని నిర్ణయించడానికి ఏదో ఒక వేగం తెలిసి ఉండాలి. ఈ ముడిని కోయడానికి ఆయన, సమవేగంతో సాగే ప్రతి చట్రంలోనూ శూన్యంలో కాంతి వేగం ఒక్కటేనని నియమంగా స్వీకరించి, ఆ కాంతితోనే గడియారాలను కలిపాడు. నేడు ఆ వేగాన్ని కొలవడం లేదు. సెకనుకు 29,97,92,458 మీటర్లుగా 1983లో స్థిరపరచి, మీటరు పొడవునే దాని నుంచి నిర్వచిస్తున్నారు.

ఈ నియమం నుంచి వేగాలను కలపడానికి కొత్త సూత్రం వస్తుంది. రెండు వేగాలను మామూలుగా కూడి, ఆ మొత్తాన్ని ఒకటి కంటే కాస్త పెద్దదైన సంఖ్యతో భాగించాలి. ఆ కాస్త ఎంత అంటే, రెండు వేగాల లబ్ధాన్ని కాంతి వేగపు వర్గంతో భాగిస్తే వచ్చినంత. కాంతి వేగంలో సగం వేగానికి మరో సగాన్ని కలిపితే పూర్తి కాంతి వేగం రాదు, అందులో పదింట ఎనిమిది వంతులే వస్తుంది. కాంతి వేగానికి ఏ వేగాన్ని కలిపినా మళ్ళీ కాంతి వేగమే వస్తుంది. రైలులో నడిచే మనిషి విషయంలో కూడా 105 కిలోమీటర్లు అన్నది కచ్చితమైన జవాబు కాదు. అసలు వేగం అంతకంటే తక్కువ, కాని ఆ తరుగు వల్ల ఒక గంట ప్రయాణంలో వచ్చే తేడా హైడ్రోజన్ పరమాణువు వ్యాసంలో సగం కూడా లేదు. అనుభవం పాత కూడికను ఎందుకు అంత గట్టిగా నమ్మిందో ఈ ఒక్క అంకె చెబుతుంది. ఫిజో గొట్టాలలో కాంతి వేగం స్వయంగా పెద్దది కనుక తరుగు కంటికి ఆనింది. కొత్త సూత్రంలో ఆయన అంకెలు వేస్తే ఆ మూడు మీటర్ల పైచిలుకు నేరుగా వస్తుందని 1907లో మాక్స్ ఫాన్ లావే చూపాడు. 1964లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో, కాంతి వేగంలో 99.97 శాతానికి మించిన వేగంతో దూసుకుపోతున్న పయాన్ కణాలు విచ్ఛిన్నమై ముందుకు వెలువరించిన గామా కిరణాల వేగాన్ని కొలిస్తే, అది మామూలు కాంతి వేగమే తప్ప దానికి దరిదాపుల రెట్టింపు కాలేదు.

వేగాల కూడికను సరిదిద్దినందుకు చెల్లించిన మూల్యం కాలం వైపు పడింది. కాంతి వేగం అందరికీ ఒక్కటే అయినప్పుడు, దూరంగా ఉన్న రెండు సంఘటనలు ఒకేసారి జరిగాయన్న తీర్పు అందరికీ ఒక్కటిగా ఉండదు. భూమి మీద ఈ సంగతి మరుగున పడి ఉండటానికి కారణం దూరాలు చిన్నవి కావడమే. ఈ ప్రసంగాన్ని మోసుకొచ్చే రేడియో తరంగం మూడు వందల కిలోమీటర్ల దూరంలోని శ్రోతను సెకనులో వెయ్యోవంతు కాలంలో చేరుతుంది, మాట్లాడేవారికి పది మీటర్ల దూరంలో అదే గదిలో కూర్చున్న మనిషికి గొంతు గాలి గుండా చేరడానికి అంతకు దాదాపు ముప్పై రెట్ల కాలం పడుతుంది. ఇంత చురుకైన దూత ఉన్న చోట ‘ఇప్పుడు’ అనే మాట లోకమంతటికీ ఒక్కటేననిపించడంలో వింత లేదు. ఆ మాట ఎంత పెళుసైనదో చూడాలంటే దూరం నిమిషాలలోకి పెరగాలి.

అటువంటి దూరం 2014 సెప్టెంబరు 24 ఉదయం భారతీయుల అనుభవంలోకి వచ్చింది. అంతకు ముందు ఏడాది నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్ ఆ ఉదయం అంగారకుడి కక్ష్యలోకి ప్రవేశించవలసి ఉంది. నౌక వేగాన్ని తగ్గించడానికి ప్రధాన ఇంజను భారత కాలమానం ప్రకారం 7 గంటల 17 నిమిషాలకు మండడం మొదలై దాదాపు 24 నిమిషాల పాటు మండాలి. అంగారకుడి నుంచి భూమికి రేడియో సంకేతం రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఇంజను వెలిగిందన్న వార్త బెంగళూరు కేంద్రానికి 7 గంటల 30 నిమిషాలకు చేరింది. ఒకవేళ వెలిగిన మరుక్షణమే ఏదైనా తేడా వచ్చి, ఆ వార్త చూసిన క్షణంలోనే ఇక్కడి నుంచి ఆజ్ఞ పంపినా, అది వెళ్ళేసరికి మొత్తం 25 నిమిషాలు గడిచి, మండవలసిన కాలం ముగిసిపోయి ఉండేది. అందుకే ఆజ్ఞలన్నిటినీ కొన్ని రోజుల ముందే నౌకలోని కంప్యూటరుకు ఎక్కించారు. సుమారు మూడు వందల రోజులు నిద్రలో ఉన్న ఆ ఇంజను పనిచేస్తుందో లేదోనని రెండు రోజుల ముందు దానిని కొన్ని సెకన్ల పాటు వెలిగించి చూశారు కూడా. అసలు ఘడియ వచ్చేసరికి మాత్రం భూమి మీద ఎంతటి నేర్పరి ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు. నైపుణ్యం కొరత గాని యంత్రం కొరత గాని దీనికి కారణం కాదు. ఆ ఇరవై నాలుగు నిమిషాల ఘట్టంలో ఏం జరిగిందో తెలుసుకుని దానిని మార్చడమన్నది ప్రకృతి భూమికి ఇవ్వని అవకాశం.

ఈ ఉదాహరణలో ఇంకా లోతైన సంగతి ఒకటి ఉంది. ఇంజను వెలిగిన తరువాత సరిగ్గా మూడు నిమిషాలకు బెంగళూరులో ఎవరో ఒక మీట నొక్కారనుకుందాం. భూమి చట్రంలో ఇంజను వెలగడం ముందు, మీట నొక్కడం తరువాత. అంగారకుడి వైపు నుంచి భూమి వైపుగా కాంతి వేగంలో సగం వేగంతో ఒక ప్రయాణికుడు సాగుతున్నాడనుకుంటే, అతని గడియారాల ప్రకారం మీట నొక్కడమే ముందు. ఇంజను వెలగడం దాని తరువాత మూడు నిమిషాల 45 సెకన్లకు. ఇది చూపులోని భ్రమ కాదు, సంకేతాలు ఆలస్యంగా చేరడం వల్ల వచ్చిన తికమకా కాదు. కాంతి ప్రయాణకాలాన్ని ఇద్దరూ జాగ్రత్తగా తీసివేసి లెక్కకట్టిన తరువాత కూడా మిగిలే తేడా. ఇద్దరిలో ఎవరిది సరైన క్రమం అని అడిగితే సాపేక్షతా సిద్ధాంతం ఇద్దరిదీ అంటుంది. తర్కశాస్త్రపు నిర్వచనం వినేవారికి ఇక్కడ గుండె జారాలి: పూర్వం అన్నది మనిషి మనిషికీ మారితే కారణం అన్నది ఏమైపోవాలి?

ఏమీ కాదు. ఇంజను వెలగడానికీ మీట నొక్కడానికీ మధ్య వ్యవధి మూడు నిమిషాలే, ఆ రెంటి నడుమ కాంతికి పట్టే కాలం పన్నెండున్నర నిమిషాలు. ఒకదాని ప్రభావం రెండోదానికి చేరే దారే లేదు కనుక వాటి క్రమం తారుమారైనా ఏ కారణమూ ఏ కార్యమూ తారుమారు కావు. దీనికి భిన్నంగా, ఇంజను వెలగడం, ఆ వార్త 7 గంటల 30 నిమిషాలకు బెంగళూరు చేరడం అనే రెండింటి క్రమం మాత్రం ఏ ప్రయాణికుడికీ, ఎంత వేగంతో సాగినా, మారదు. 1908లో జర్మనీలోని కొలోన్ నగరంలో చేసిన ప్రసంగంలో గణితజ్ఞుడు హెర్మన్ మింకోవ్‌స్కీ ఈ విషయానికి రేఖాగణిత రూపం ఇచ్చాడు. స్థలాన్నీ కాలాన్నీ కలిపి దేశకాలం అనే ఒకే విస్తృతిగా తీసుకుంటే, ప్రతి సంఘటన నుంచి బయటికి వ్యాపించే కాంతి ఒక శంకువును గీస్తుంది. ఆ కాంతి శంకువు లోపల, అంచు మీద ఉన్నవి ఆ సంఘటన ప్రభావితం చేయగలిగినవి. వెనకవైపు శంకువులోనివి దానిని ప్రభావితం చేసి ఉండగలిగినవి. ఈ రెండింటికీ బయట ఉన్నది గతమూ కాదు, భవిష్యత్తూ కాదు. గతానికీ భవిష్యత్తుకూ మధ్య ‘ఇప్పుడు’ అనే పలుచని గీత ఉందనుకున్న చోట, భూమికీ అంగారకుడికీ మధ్య ఆ ఉదయం ఇరవై ఐదు నిమిషాల మందం గల ప్రాంతం ఉంది. కుమ్మరివాని గాడిద సంగతి ఇక్కడా వర్తిస్తుంది: వెనక శంకువులో ఉన్నంత మాత్రాన ఏదీ కారణం కాదు, కాని కారణమైనది ఏదైనా ఆ శంకువులోనే ఉండాలి. ప్రాచీన తార్కికులకు సాపేక్షత తెలుసని దీని అర్థం కాదు, అలా చెప్పడం ఇద్దరికీ అన్యాయం. వారి నిర్వచనంలో సవరించవలసి వచ్చింది ‘పూర్వ’ అనే ఒక్క మాటనే అన్నది మాత్రం గమనించదగినది.

కాంతి వేగాన్ని దాటరాదన్న నిషేధం ఎక్కడి నుంచి బలం పొందుతుందో ఇప్పుడు తేలికగా కనిపిస్తుంది. వస్తువును వేగవంతం చేయడానికి కావలసిన శక్తి అంతులేకుండా పెరగడం ఒక కారణమే అయినా, అంతకంటే గట్టి కారణాన్ని ఐన్‌స్టీన్ 1907లోనే సూచించాడు: కాంతిని మించిన సంకేతం ఉంటే కార్యం కారణానికి ముందు రాగలదు. మంగళయాన్ ఉదాహరణలోనే లెక్క వేయవచ్చు. ఇంజను వెలిగిందన్న వార్తను అంగారకుడి నుంచి మూడు నిమిషాలలో, అంటే కాంతి కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో తెచ్చే పరికరం ఉందనుకుందాం. వార్త చేరే క్షణాన భూమి పక్కగా వెళ్తున్న ఆ సగం కాంతి వేగపు ప్రయాణికుడికి దానిని అందిస్తారు. అతని వద్ద కూడా, అతని చట్రంలో అదే వేగంతో పనిచేసే పరికరం ఉంది. ఎందుకంటే ప్రకృతి నియమాలు అన్ని చట్రాలలోనూ ఒక్కటేనన్నది సిద్ధాంతపు పునాది. అతను వెంటనే ‘ఇంజను వెలిగించవద్దు’ అన్న ఆజ్ఞను అంగారకుడికి పంపితే, అది ఇంజను వెలగడానికి దాదాపు 40 సెకన్ల ముందే అక్కడికి చేరుతుంది. ఇంజను వెలిగినందుకే బయలుదేరిన ఆజ్ఞ ఇంజనును వెలగనివ్వదు. వెలగకపోతే ఆజ్ఞే లేదు. అందువల్ల మూడింటిలో ఒకదాన్ని వదులుకోక తప్పదు: చట్రాల సమానత్వాన్ని గాని, కాంతిని మించిన సంకేతాన్ని గాని, కార్యం కంటే కారణం ముందన్న నమ్మకాన్ని గాని. వదులుకోవలసింది రెండోదే అన్నదానికి ఇప్పటిదాకా ఏ ప్రయోగమూ విరుద్ధం కాలేదు. కాంతి వేగం అనే పేరు ఈ దృష్టితో చూస్తే చాలా ఇరుకైనది; అది కారణం ప్రయాణించగలిగిన గరిష్ఠ వేగం, కాంతి దానిని అందుకున్న వాటిలో ఒకటి మాత్రమే.

నిషేధం సంకేతాలకే తప్ప కనిపించే ప్రతి కదలికకూ కాదు. భూమి మీది నుంచి చంద్రబింబం ఒక అంచు నుంచి మరో అంచుకు సెకనులో వందోవంతు కాలంలో లేజరు కాంతిని తిప్పితే, అక్కడ పడే వెలుగు చుక్క సెకనుకు మూడు లక్షల నలభై వేల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో జరుగుతుంది, కాని చంద్రుడి ఒక అంచున ఉన్నవారు రెండో అంచున ఉన్నవారికి ఆ చుక్క ద్వారా ఏ కబురూ పంపలేరు, ఎందుకంటే రెండు చోట్లా పడిన కాంతికి కారణం భూమి మీది చెయ్యే. కాంతి కంటే వేగంగా మాత్రమే సాగే కణాలు సాపేక్షతా సిద్ధాంతానికి విరుద్ధం కావని కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్ 1962లో తన సహచరులతో కలిసి వాదించాడు. టాకియాన్లుగా పేరుబడ్డ ఆ కణాలు ప్రయోగాలలో దొరకలేదు. 2011లో సెర్న్ నుంచి ఇటలీలోని గ్రాన్ సాసోకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలు కాంతి కంటే సెకనులో సుమారు కోటీ అరవై ఏడు లక్షలవ వంతు, అంటే 60 నానోసెకన్ల ముందు వచ్చాయని ఓపెరా బృందం ప్రకటించినప్పుడు భౌతికశాస్త్రజ్ఞులు అంతగా కలవరపడింది ఒక అంకె కోసం కాదు, ఆ అంకె వెనక నిలబడి ఉన్న కార్యకారణ క్రమం కోసం. సరిగా బిగించని ఆప్టికల్ కేబులే ఆ తేడాకు ముఖ్య కారణమని 2012లో తేలింది. సందేహాన్ని దాచకుండా లోకం ముందు పెట్టి, తప్పును వెతికి బయటపెట్టిన ఆ బృందపు పద్ధతి గౌరవానికి తగినది.

గురుత్వాకర్షణ కూడా ఈ హద్దుకు లోబడే నడుస్తుంది. న్యూటన్ లెక్కలో సూర్యుడు కదిలితే భూమి మీద లాగుడు ఆ క్షణమే మారేది. 1915లో ఐన్‌స్టీన్ పూర్తిచేసిన సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో ఆ మార్పు ఎనిమిది నిమిషాల 20 సెకన్ల తరువాత మాత్రమే చేరుతుంది. 2017 ఆగస్టు 17న, సుమారు పదమూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు, గామా కిరణాలు అంత ప్రయాణం చేసి భూమిని 1.7 సెకన్ల తేడాతో చేరాయి.

సాధారణ సాపేక్షతలో కాంతి శంకువులు అన్ని చోట్లా నిటారుగా నిలబడవు. పదార్థం దేశకాలాన్ని వంచినప్పుడు దానితో పాటు అవీ ఒరుగుతాయి, కృష్ణబిలం అంచు లోపల పూర్తిగా లోపలికే ఒరిగిపోయి, అక్కడి ఏ సంఘటనకూ బయట భవిష్యత్తు లేకుండా చేస్తాయి. 1949లో తర్కవేత్త కుర్ట్ గోడెల్, ప్రిన్స్‌టన్‌లో తన మిత్రుడైన ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచే, మొత్తంగా గిరగిర తిరిగే ఒక విశ్వాన్ని సాధించి చూపాడు. అందులో శంకువులు ఎంతగా ఒరుగుతాయంటే, ప్రతి చోటా కాంతి కంటే తక్కువ వేగంతోనే సాగుతూ కూడా ఒక ప్రయాణికుడు తన గతంలోకే తిరిగి రాగలడు. నిజమైన విశ్వం అలా తిరుగుతున్నట్టు ఆధారాలు లేవు. కాని వేగానికి హద్దు పెట్టినంత మాత్రాన కార్యకారణ క్రమానికి పూర్తి రక్షణ దొరకదని గోడెల్ సమీకరణాలు తేల్చాయి. అటువంటి వలయాలు ఏర్పడబోయే ప్రతిచోటా ప్రకృతి నియమాలే అడ్డుపడతాయని 1992లో స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించాడు. అది ఇప్పటికీ ప్రతిపాదనగానే ఉంది. దానిని నిరూపించడానికో కాదనడానికో గురుత్వాకర్షణనూ క్వాంటం సిద్ధాంతాన్నీ ఒక్కటిగా కలిపే శాస్త్రం కావాలి, ఆ శాస్త్రం కోసం అన్వేషణ ఇంకా సాగుతున్నది.